అద్దంలో లేని బావ

రెండు మోటారుసైకిళ్లు కలిసి దూరప్రయాణం చేసేటప్పుడు ఒక కట్టుబాటు ఉంది. ముందు వెళ్లేవాడు తన పక్క అద్దంలో వెనకవాణ్ణి చూసుకుంటూ పోవాలి. కనబడకపోతే ఆగాలి. ఆగినా రాకపోతే వెనక్కి తిరగాలి. ఈ ఒక్క మాట మీద నిలబడి బావా బావమరిదీ రెండు ఖండాలు దాటి మూడోదాంట్లో అడుగుపెట్టారు.

ముందు వెళ్లేది ఎప్పుడూ బావమరిదే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. బిగించిన బోల్టునే మళ్లీ బిగిస్తేగాని నిద్రపట్టని రకం. వెనక వచ్చే బావకు కళ్లజోళ్ల షాపుంది. యాభై దాటాక, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకుని, షట్టరు దించేసి బయలుదేరాడు. బయలుదేరే రోజు ఆయన భార్య తమ్ముణ్ణి పక్కకు పిలిచి, "మీ బావ సంగతి తెలుసుగా, ఉత్త పరధ్యానం మనిషి. కనిపెట్టుకుని ఉండరా" అంది. పక్కకు పిలిచిందన్న మాటేగాని ఆ ముక్క వీధి వీధంతా వినబడింది. బావకూ వినబడింది.

ఇక చూడాలి తమ్ముడుగారి కాపలా. "బావా, చెయినుకి నూనె పెట్టావా? బావా, నీళ్లు తాగావా? పాస్‌పోర్టు లోపలి జేబులోనే ఉందా?" కన్నతల్లి కూడా నన్నింత సతాయించలేదని బావ గొణుక్కునేవాడు. గొణుగుతూనే నూనె పెట్టేవాడు, నీళ్లు తాగేవాడు, జేబు తడుముకునేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఒక పెట్రోలు బంకు దగ్గర తమలాగే దూరాలు తిరిగేవాళ్లు కొందరు కలిశారు. తలా ఒక కాఫీ కప్పు పట్టుకుని కబుర్లలో పడ్డారు. బావమరిదికి హుషారొచ్చింది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలకు చేతుల సైగలు జోడించి, మొన్న సరిహద్దు చెక్‌పోస్టులో బావ స్టాండు వేయకుండానే బండి దిగి, బండితో సహా ఆఫీసరు కాళ్ల దగ్గర ఎలా బోర్లా పడ్డాడో నేల మీద పడుకుని మరీ చూపించాడు. "ఈయన అమ్మేది కళ్లజోళ్లు, ఈయనకి స్టాండు కనబడదు!" అని ముక్తాయించాడు. ఒకావిడకు నవ్వుతో పొలమారింది. బావ కూడా నవ్వాడు. లోపల మాత్రం ఒళ్లు మండిపోయింది.

వీడికి ఒక్కసారి ముచ్చెమటలు పట్టించాలి, అనుకున్నాడు.

బంకు దాటి కొంత దూరం పోయాక మలుపులో మూతపడ్డ టైర్ల షాపు ఒకటి కనబడింది. బావమరిది మలుపు తిరగగానే బావ బండిని షాపు వెనక్కి మళ్లించి ఇంజను ఆపేశాడు. ఒక పాత టైరు మీద కూర్చుని, సంచిలోంచి ఉడకబెట్టిన గుడ్డు తీసి పెంకు ఒలవసాగాడు. అవతల వాడు అద్దంలోకి గుడ్లప్పగించి చూస్తుంటాడని తలచుకుంటేనే నవ్వొచ్చింది. దొరికిపోయాక అనాల్సిన మాట కూడా సిద్ధం చేసుకున్నాడు. "ఏరా, ఇప్పుడు చెప్పు, కళ్లజోడు ఎవరికి కావాలి?"

కాసేపటికి బండి చప్పుడు వినబడింది. గోడ సందులోంచి తొంగిచూశాడు. బావమరిది సీటు మీంచి పైకి లేచి నిలబడి, రోడ్డుకు అటూ ఇటూ గోతుల్లోకి చూసుకుంటూ, ఎన్నడూ లేనంత వేగంగా వెనక్కి పోతున్నాడు. అప్పుడు పిలవచ్చు. కేకేస్తే వినబడే దూరమే. ఇంకొక్క చుట్టు తిరగనీ, అనుకుని బావ రెండో గుడ్డు తీశాడు.

గుడ్డు అయిపోయింది. నీళ్లు తాగడం కూడా అయింది. బండి తిరిగి రాలేదు.

బావ బయటికొచ్చి బంకు వైపు పోయాడు. సగం దారిలో ఒక లారీ ఆగి ఉంది, పక్కన నలుగురు నిలబడ్డారు. బావమరిది బండి గోతిలో చక్రాలు పైకెత్తి పడి ఉంది. మనిషి రోడ్డు అంచున, లారీ డ్రైవరు ఒడిలో తలపెట్టుకుని ఉన్నాడు. కంకర మీద జారిపడ్డాడట. ఒక భుజం కిందికి దిగిపోయి ఉంది. బావను చూడగానే లేవబోయాడు.

"బావా! నీకేం కాలేదు కదా?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

సిద్ధం చేసుకున్న మాట ఎటుపోయిందో. బావ నోటివెంట, "పంక్చరైందిరా" అన్న మాట దానంతటదే వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు మెడ కింది ఎముక విరిగిందనీ, మోకాలు చిట్లిందనీ, చాలాకాలం బండి మాట ఎత్తొద్దనీ చెప్పింది. అంటే బావమరిది ప్రయాణం అయిపోయినట్టే. లిఫ్టు గదుల్లో పని చేసుకుంటూ, సందు దొరికినప్పుడల్లా మడత విప్పి చూసుకున్న మ్యాపు అది. ఇంకా సగం మిగిలే ఉంది.

చెయ్యి ఆడక స్పీకరు పెట్టి, అక్కకు ఫోన్ చేసింది బావమరిదే.

"తప్పంతా నాదే అక్కా. బావ బండి పంక్చరైతే చూసుకోకుండా ముందుకెళ్లిపోయా."

"ఉన్న ఒక్క మనిషిని చూసుకోలేకపోయావురా! ఆయనకేమైనా అయ్యుంటే నా గతేంటి?"

అక్క తిట్టినంతసేపూ తమ్ముడు తలదించుకుని ఊకొట్టాడు. బావ నీళ్ల గ్లాసు పట్టుకుని మంచం పక్కనే నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు.

ఫోన్ పెట్టేశాక బావమరిది అన్నాడు. "తిట్టనీలే బావా, తిట్టాల్సిందే. ప్రతి గోతిలోకీ చూసుకుంటూ వచ్చా. ఎక్కడ పడున్నావో, అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో అని కాళ్లూ చేతులూ ఆడలేదు. సరేలే. నువ్వు మాత్రం ఆగకు. నా టైర్లు కొత్తవి, అవి వేయించుకుని వెళ్లు. నా బదులు కూడా నువ్వే చూసిరా."

అది వినేసరికి బావకు ఇక ఉండబట్టలేదు.

"పంక్చరు కాలేదురా."

"మరి?"

"టైర్ల షాపు వెనకాల కూర్చున్నా. నిన్ను కంగారు పెడదామని."

బావమరిది దిండు మీంచి తలెత్తాడు.

"నేను వెనక్కి పోవడం చూశావా?"

"చూశా."

"పిలవలేదా?"

బావమరిది గోడ వైపు తిరగబోయాడు. విరిగిన భుజంతో అది చేతకాలేదు. బావ గ్లాసు కింద పెట్టి సాయం పట్టబోతే, "ముట్టుకోకు" అన్నాడు. మొహం ఒక్కటీ అటు తిప్పుకున్నాడు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి బావే ఎత్తి హలో అన్నాడు. స్పీకరు ఆపలేదు. ఆపే అర్హత తనకు లేదనిపించింది.

"ఏమండీ," అంది భార్య. గొంతు బొంగురుపోయి ఉంది. "వాడి మీద కోపం పెట్టుకోకండి. చిన్నవాడు, ఏదో పరాకుపడ్డాడు. నేనూ నోటికొచ్చినట్టు తిట్టాను. క్షమించానని మీరొక్క మాట అనండి. వాడికి వినబడేలా అనండి."

"వాడి తప్పేం లేదు. నేనే దాక్కున్నాను."

"దాక్కున్నారా? అయ్యో, దొంగలు గానీ వెంటపడ్డారా?"

"లేదు."

"మరెందుకండీ?"

గోడ వైపు మొహం తిప్పుకున్నవాడు కూడా ఆ జవాబు కోసం చూస్తున్నాడని బావకు తెలుస్తూనే ఉంది. ఎంత వెతికినా ఉన్నది ఒక్కటే జవాబు.

"సరదాకి" అన్నాడు.