విత్తనానికి వదిలిన కాయ

విత్తనానికి వదిలే ఫక్కూస్ అనే మా నాటు దోసకాయకు మా అత్తగారు ఉమ్ వదీ ఎర్ర గుడ్డపీలిక కడుతుంది. పీలిక కట్టిన కాయను ఇంట్లో ఎవరూ ముట్టరు. ఆ ఏడాది వానలు ముందే ఆగిపోయాయి. పాదులన్నిటిలో విత్తనానికి పనికొచ్చే కాయ ఒక్కటే నిలిచింది. దాచిన పాత గింజలు చలికాలంలోనే ఎలుకల పాలయ్యాయి.

అలాంటప్పుడు ఆవిడ పెద్దకొడుకు, మా బావగారు వదీ, రమల్లా నుంచి లుత్ఫీ అనే విత్తనాల వ్యాపారిని పొలానికి వెంటబెట్టుకొచ్చాడు. ఫక్కూస్ తీసేసి కంపెనీ దోస వేయించాలని బావగారి పట్టుదల. లుత్ఫీ నడుస్తూ నడుస్తూ పీలిక కట్టిన కాయ దగ్గరే ఆగాడు.

"అబ్బ, ఎంత బాగుంది పిన్నీ! చిన్నప్పుడెప్పుడో తిన్నాను."

"నీదే నాయనా, తీసుకో," అంది అత్తగారు.

అతిథి దేన్ని మెచ్చుకున్నా మా వైపు అలవాటుగా అనే మాట అది. అతను వద్దనాలి, మనం బలవంతం చేయాలి, అతను మళ్లీ వద్దనాలి. చివరికి వస్తువు ఉన్నచోటే ఉంటుంది. లుత్ఫీ ఒక్కసారైనా వద్దనలేదు. జేబులోంచి చాకు తీసి వంగాడు.

అత్తగారు పాదుకు అడ్డంగా చతికిలబడింది.

"ఇవ్వను."

"ఇప్పుడేగా తీసుకోమన్నారు!"

"అన్నాను. తప్పే. అయినా ఇవ్వను."

బావగారి ముఖం కందగడ్డయింది. "అమ్మా, లే. అతిథికిచ్చిన మాట తప్పుతావా? ఊళ్లో నేను తలెత్తుకోవద్దా?"

"నీ తల సంగతి నువ్వు చూసుకో. ఉమ్ వదీ మాట తప్పిందని ఊరంతా చెప్పు పో. నోరు నొప్పెడితే పిలువు, నేనొచ్చి చెప్తాను."

"ఒక్క కాయ కోసమా?"

"ఒక్కటే ఉంది కాబట్టే."

లుత్ఫీ నవ్వాడు. "పోనీలెండి పిన్నీ. మా గింజలు ఇంతకంటే మంచివి. ఏటా కొత్తవి ఇస్తాం."

"ఏటా కొత్తవెందుకూ? మీ దోసలకు పిల్లలు పుట్టరా?"

నాకు నవ్వాగలేదు. బావగారు నా వైపు కొరకొర చూశాడు.

"రుదైనా, ఎర్రపెట్టను కోసి వీళ్లకు భోజనం పెట్టు," అంది అత్తగారు నాతో.

"గుడ్లు పెట్టేది అదొక్కటే కదత్తా!"

"తెలుసు. కొయ్యి."

లుత్ఫీ కారు కొండ దిగేదాకా ఆవిడ అక్కణ్ణుంచి లేవలేదు. నేను రొట్టె, టీ పట్టుకెళ్లాను.

"తిన్నాడా?"

"ఎముకలు కూడా చీకాడు."

"మంచిది." కాయ కింద మట్టి తగలకుండా ఎండుగడ్డి సర్ది, రొట్టె తుంచింది.

"లోపలికి రండత్తా, ఎండగా ఉంది."

"ఇది పండేదాకా నా తిండి ఇక్కడే. వదీకి చెప్పు. గట్టిగా చెప్పు."