తుపాకి తన్నే వైపు

"బందూకు మళ్ళీ తన్నిందేటే కృపా?"

ఆదివారం ఆరాధన ముగిసి ఆడవాళ్ళు చాపలు చుడుతుండగా దయావతి అడిగింది. ఆమె సంఘ పెద్ద భార్య. మెల్లగా అడిగానని ఆమె అనుకుంటుంది గానీ ఆ గొంతు బయట చెప్పులు వేసుకుంటున్న వాళ్ళకి కూడా వినిపిస్తుంది. కృపావతి కుడి చెంప మీదికి కొంగు లాక్కుని తలూపింది. అంతకుమించి చెప్పే పని ఆమెకి పడలేదు. మగవాళ్ళ వైపు నుంచి మొగుడు బాలస్వామే అందుకున్నాడు. "భుజానికి అదిమి పట్టవే అంటే వింటాదేటి దీదీ? అరే, గురి పెట్టడంలో ఆడదాని నిషానా అంతే కదా!" అందరూ నవ్వారు. కృపావతి కూడా నవ్వింది. నవ్వితే చెంప లాగింది.

చౌల్దారీ ఊళ్ళో వాళ్ళ వరిచేను అడవి అంచున ఉంది. ఒకప్పుడు దొరలు వేట సరదాకి తెచ్చి వదిలిన దుప్పులు, తినే పులి లేని దీవిలో ఇబ్బడిముబ్బడిగా పెరిగి, తెల్లారకముందే చేలో దిగుతాయి. మామగారికి సర్కారు భూమి ఇచ్చినప్పుడు పంట కాపలాకని తుపాకి లైసెన్సు కూడా ఇచ్చింది. ఆయన పోయాక లైసెన్సు కొడుకు పేరుకి మారింది, కాపలా కోడలి నెత్తికెక్కింది. బాలస్వామిది హాడో రేవులో పని. సోమవారం బస్సెక్కితే మళ్ళీ శనివారం సాయంత్రమే ఇంటి మొహం చూసేది. నాట్లూ, కలుపూ, గొడ్లూ, కీళ్ళనొప్పుల అత్తకి వేణ్ణీళ్ళూ, వీటన్నిటి మీదా మంచులో గట్టు మీద తుపాకి పట్టుకుని కూర్చోవడమూ అన్నీ కృపావతివే. అయినా రేవులో ఎవరైనా అడిగితే, "మా ఆవిడా? ఖాళీయే భయ్యా, ఇంటికాడ ఉంటాది" అంటాడట. దుప్పి పడితే మాంసం వాటాలేసి సంఘంలో పంచుతారు, ప్రార్థనలో బాలస్వామి పేరు చెప్పి దేవుడికి స్తోత్రం చేస్తారు. గురి తప్పి చేను పోతే మాత్రం ఆ పేరు కృపావతిది.

మామగారు తాటిచెట్టంత మనిషి, కొడుకూ అంతే. తుపాకి వాళ్ళ చేతుల కొలతది. కృపావతి వాళ్ళ గుండెలదాకా కూడా రాదు. ఆమె ఎత్తి పట్టుకుంటే తుపాకి మడమ, అంటే వెనక కర్ర కొస, భుజం గుంటలో కూర్చోకుండా జబ్బ మీదికి జారిపోతుంది. మెడ ఎంత సాచినా చెంప కర్రకి ఆనదు, ఆనకపోతే కన్ను గొట్టం వెంబడి సాగదు. గుళ్ళు ఎడమకి పోతాయి, కర్ర మాత్రం లేచి సూటిగా చెంప ఎముకని పొడుస్తుంది. దీనికి బాలస్వామి చెప్పిన వైద్యం, భుజం మీద తువ్వాలు మడతపెట్టుకోవడం. అలా పెట్టుకుంటే మడమ ఇంకా పొడుగై ఇంకా గట్టిగా తన్నింది. ఆ సంగతి చెప్పబోతే, "బందూకు గురించి నాకే చెప్తున్నావేటి?" అన్నాడు.

తన్నేది తుపాకి ఒక్కటే అయితే కృపావతి ఓర్చుకునేది. మూడేళ్ళ కిందట, చేను సగం దుప్పుల పాలైన ఒక శనివారం బాలస్వామి చెయ్యి చేసుకున్నాడు. మర్నాడు ఆరాధనలో దయావతి మొదటిసారి ఆ ప్రశ్న అడిగింది. కృపావతి నోరు తెరిచేలోపే, "అవును దీదీ, బందూకే" అన్నాడు బాలస్వామి. ఎంత తేలిక! అంతకుముందు ఆయన అరచెయ్యి ఎడమ చెంప మీద పడేది. అప్పటినుంచీ చేతి వెనకవైపుతో కుడి చెంప మీద కొడుతున్నాడు, తుపాకి తన్నే వైపే. కోపంతో ఒళ్ళు తెలియకుండా ఊగిపోయే మనిషికి ఏ వైపు కొట్టాలో మాత్రం గుర్తుండేది. కృపావతికి దెబ్బకంటే ఆ గుర్తుండడమే ఎక్కువ మండేది.

అత్త ఎలీసబెతుకి అంతా తెలుసు. కొడుకు బయటికెళ్ళాక ఉప్పు మూట వేడిచేసి తెచ్చి ఇచ్చేది. "ఎవులడిగినా బందూకని చెప్పేయే. నీకు ఆ మాటైనా ఉంది. మా రోజుల్లో గట్టు మీంచి పడ్డానని చెప్పేవోల్లం" అనేది.

ఈ ఏడు వెన్ను తీసిన చేను పావు భాగం అప్పుడే దుప్పుల పొట్టలోకి పోయింది. మిగిలిందీ పోతే తిండికి గింజలుండవు, ఆ శనివారం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. శుక్రవారం మధ్యాహ్నం కృపావతి తూటా తీసేసిన తుపాకితో పెరట్లో నిలబడింది. కళ్ళు మూసుకుని ఎత్తి భుజానికి పెట్టి, కళ్ళు తెరిచింది. గొట్టం ఒకవైపుంది, తన చూపు ఇంకోవైపుంది. మడమని మోచేతి మడతలో ఆనించి వేలు చాపింది. వేలు, నొక్కితే పేలే గుర్రం దాకా అందలేదు. ఎంత తక్కువైందో అంత కర్రమీద బొగ్గుతో గీత గీసింది. రెండు వేళ్ళ వెడల్పు.

రంపం తీసుకుని కూర్చునేసరికి ఎలీసబెతు గుమ్మంలోకి వచ్చింది. కర్ర మీది బొగ్గు గీత చూసింది.

"అది తన్నడం మానేస్తే ఎల్లుండి ఏటి చెప్తావే?"

కృపావతి చేతిలో రంపం ఆగింది. ఆ మాట ఆమెకీ తట్టకపోలేదు. తుపాకి తన్నినంత కాలం ఆమెకి ఒక చాటుంది. అది తన్నకపోతే ఆ చెంపకి ఇంక పేరుండదు. భయమేసింది.

"ఏటీ చెప్పను అత్తా," అని గీత మీద రంపం ఆనించింది.

ఎలీసబెతు లోపలికి పోయింది. కాసేపటికి కొబ్బరినూనె గిన్నె తెచ్చి, రంపానికి రాసుకొమ్మన్నట్టు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. ముక్క తెగిపడ్డాక కృపావతి చెంప ఆనేచోట పాత చీర పేలికలు చుట్టి గట్టిగా దారం కట్టింది. మళ్ళీ కళ్ళు మూసుకుని ఎత్తింది. తెరిచేసరికి గొట్టం కొస చూపుకి ఎదురుగా ఉంది.

శనివారం తెల్లవారుతుండగా గట్టుకవతల దుప్పి తలెత్తింది. మడమ భుజం గుంటలో కుదురుగా కూర్చుంది. పేలింది. దుప్పి అక్కడే కూలింది. కృపావతి చెంప తడిమి చూసుకుంది. నొప్పి లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ తన చేతకానితనమని అందరూ నవ్వింది, తనూ నమ్మింది, నిజానికి రెండు వేళ్ళ కర్రముక్క.

సాయంత్రం బాలస్వామి మాంసం చూసి సంబరపడ్డాడు. తర్వాత మూల ఉన్న తుపాకి చూశాడు. ఎత్తి భుజానికి పెట్టుకుంటే బొటనవేలు ముక్కుకి తగిలింది.

"మా అయ్య బందూకు కోసేసినావా? ఎవుల్ని అడిగి కోసినావు?"

"కాపలా కాసేది నానే కదా."

అలవాటు కొద్దీ చేతి వెనకవైపుతోనే కొట్టాడు, కుడి చెంప మీదే.

ఆదివారం బాలస్వామి వేటకి దేవుడికి స్తోత్రం చెప్పారు. మాంసం పొట్లాలు పంచారు. ఆడవాళ్ళు చాపలు చుడుతుండగా దయావతి దగ్గరికొచ్చి కొంగులోకి తొంగిచూసింది.

"అయ్యో, బందూకు మళ్ళీ తన్నిందేటే కృపా?"

"చెప్తే వింటాదేటి దీదీ..." బాలస్వామి అప్పుడే మొదలుపెట్టాడు.

కృపావతి కొంగు తీసేసి భుజం మీద వేసుకుంది. వాచిన చెంప అందరికీ కనబడేలా అటు తిరిగింది. గుమ్మం దగ్గర ఎలీసబెతు చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగింది.

"లేదు దీదీ. బందూకుని నా కొలతకి కోసుకున్నాను. అది తన్నడం మానేసింది."