డబ్బా లేని బండి

డబ్బా అంటే ఏందో ముందే చెప్పుకోవాలె. సబ్బుపెట్టె అంత ఉంటది, నల్లగ ఉంటది. టర్బో ఉన్న డీజిల్ బండ్లల్ల ఇంజిన్‌కు ఒక కంప్యూటర్ ఉంటది. ఎంత గాలి వస్తుంది, ఎంత డీజిల్ కొట్టాలె అని లెక్క చూసేది అదే. ఆ కంప్యూటర్‌కు పోయే వైర్ల నడుమ ఈ డబ్బాను తగిలిస్తరు. అది ఆడ కూసొని అబద్ధం చెప్తది. సాల్తలేదు, ఇంకింత కొట్టు అంటది. కంప్యూటర్ నమ్ముతది, బండి ఉరుకుతది. మంత్రం లేదు, మాయ లేదు. అబద్ధంతోని వచ్చిన బలం.

పినపాక అడ్డాల మొదటి డబ్బా కుమారస్వామి పెట్టిండు. అడ్డా అంటే పినపాక నుంచి మణుగూరుకు జనాన్ని ఎక్కించుకొని తిరిగే కిరాయి బండ్ల జాగ. గనికి పోయేటోళ్ళు, దవాఖానాకు పోయేటోళ్ళు, అంగడికి పోయేటోళ్ళు, అందరికీ ఈ బండ్లే దిక్కు. బస్సు వస్తే వచ్చినట్టు, రాకుంటే అడిగేటోడు లేడు.

అడ్డాల వరసకు చీటీలు లేవు, బోర్డు లేదు. సారక్క చాయ్ హోటల్ ముందట అరుగు ఉంది, అరుగు మీద రాళ్ళు ఉన్నయి. వాగుల నుంచి ఏరుకొచ్చి రంగులు పూసిన గుండ్రాళ్ళు. బండికో రాయి. శ్రీశైలంది ఎర్రది. లిదియా రాయి మీద తెల్ల సిలువ. మణుగూరు పోయి మళ్ళొచ్చినోడు తన రాయి తీసుకపోయి వరస తోకకు పెడతడు. తలకాయ దిక్కున్న రాయి ఎవనిదో వాని బండి నిండుతది. జల్దీ వచ్చినోని రాయి జల్దీ పడతది, పొద్దుగూకే వరకు వానికి ఒక ట్రిప్పు ఎక్కువ దొరుకుతది. పాత జీపుల కాలం నాటి రివాజు ఇది. అప్పుడు అన్ని బండ్లూ ఒక్క తీరుగనే దగ్గుకుంట పోయేటియి, అందుకే ఎవ్వని కడుపూ కొట్టలే.

కుమారస్వామి డబ్బా పెట్టినంక కొట్టింది. వాని పసుపురాయి ఎప్పుడు చూసినా ముందే. వాన్ని చూసి ఇంకొకడు, వాన్ని చూసి ఇంకొకడు. అందరూ పెట్టినంక ఏమైంది? ఎవని రాయి ఏడుండెనో మళ్ళ ఆడికే వచ్చింది. పొగ పెరిగింది. హారన్లు పెరిగినయి. తెల్లారంగనే మొకాలు మాడ్చుకునుడు పెరిగింది. ఇంతే లాభం.

పెట్టనోళ్ళు ఇద్దరే. ఒకటి లిదియా. మొగుడు జస్టిన్ నడుము విరిగి మంచాన పడ్డంక స్టీరింగ్ పట్టింది. ఆమె బండి ముసలిది, డబ్బా పెడితే ఇంజిన్ చేతికొస్తదని భయం. ఆమె సిలువరాయి ఎప్పుడూ తోకకే. రెండోది శ్రీశైలం. అడ్డా సంఘానికి ఆయనే పెద్ద. టోల్‌గేటోళ్ళతోని, చలాన్లు రాసేటోళ్ళతోని, ఎవ్వరితోనైనా గొంతు చించుకొని కొట్లాడే మనిషి. డబ్బా చేతగానోనికి, నాకు చెయ్యి ఉంది అనేటోడు. అన్నట్టే డబ్బా లేకున్నా ఆయన బండి డబ్బాలున్న బండ్ల తోక పట్టుకొని పోయేది, అడవిల గుట్ట చడావు ఎక్కేకాడ దాటిపోయేది గూడ. చెయ్యి అంటే అట్ల ఉండాలె అని జనం అనుకునేది. ఆయన గూడ అనుకున్నడు. అదీ అసలు సంగతి.

వానకాలం ముంగట కుమారస్వామి బండి మూలమలుపు కాడ లారీని దాటబోయి పొలంల పడ్డది. అందరూ బతికిన్రు. ముందట సీట్ల కూసున్న మంగ్లి భుజం బొక్క విరిగింది. మంగ్లి తండా నుంచి రోజూ కూరగాయలు పట్టుకొని మణుగూరు పోయే మనిషి. శ్రీశైలం దవాఖానాకు పోయి చూసిండు. ఆమె ఏడ్వలే, తిట్టలే. టమాటలు ఎవరన్నా ఏరిన్రా అని అడిగింది.

తెల్లారి హోటల్ కాడ మీటింగు పెట్టిండు. ఇంజిన్ బలం అమ్ముకొని జనం బొక్కలు విరగ్గొడుతున్నరు మీరు, డబ్బాలు తియ్యండి, తియ్యనోని రాయి వాగుల ఇసిరేస్త అన్నడు. కుమారస్వామి తల కిందికేసిండు. పొలంల నుంచి గుంజుకొచ్చిన బండి ఇంజిన్ కాడికి పోయి తన డబ్బా తానే ముందుగ పీకిండు. ఒక్కొక్కడే పీకి సారక్క ఇచ్చిన బియ్యం సంచిల ఏసిన్రు. సంచి హోటల్ అటక మీదికి ఎక్కింది. ఊళ్ళె శ్రీశైలం మాటకు ఇంకింత బరువు వచ్చింది.

కానీ రాళ్ళు ఊకోలే. డబ్బాలు పోయినంక అందరి బండ్లు మెల్లగైనయి, శ్రీశైలం బండి మాత్రం అట్లనే ఉరుకుతుంది. ఎర్రరాయి పొద్దంతా ముందే. మొదట నవ్వులు, తర్వాత గుసగుసలు. ఒకనాడు కుమారస్వామి చాయ్ గిలాస కింద పెట్టి అందరి ముంగట అడిగిండు.

"అన్నా, డబ్బా లేని బండి గట్లెట్ల ఉరుకుతది?"

శ్రీశైలం బానెట్ ఎత్తిండు. వచ్చి చూడుమన్నడు. వంగి చూసిన్రు, వైర్లు పట్టుకొని చూసిన్రు. ఏం లేదు. ఇది చెయ్యి తమ్మీ అని బానెట్ దించిండు. కుమారస్వామి మాత్రం ఒప్పుకోలే.

ఆ వారంలనే శ్రీశైలం బండిల పసుప్పచ్చ ఇంజిన్ లైటు వెలిగింది. తాళం తీసి పెట్టినా పోదు, ఆపి మళ్ళ చాలూ చేసినా పోదు. మణుగూరుల జనాన్ని దించి, బండ్లు బాగుచేసే ఆంథోని షెడ్డుకు పట్టుకపోయిండు. ఆంథోని తండ్రి గనిల ఫిట్టర్ చేసి దిగిపోయిండు, కొడుకు రెంచీ ఇడిచి ల్యాప్‌టాప్ పట్టిండు. స్టీరింగ్ కింద కేబుల్ గుచ్చి శానా సేపు చూసిండు. చూసుకుంట చూసుకుంట నవ్వుడు మొదలుపెట్టిండు.

"ఈ బండి ఏడ కొన్నవన్నా?"

ఖమ్మంల, పిచ్చయ్య అనే బ్రోకర్ కాడ, సెకండ్ హ్యాండుది అని చెప్పిండు శ్రీశైలం. ఏమైందిరా అన్నడు.

ఆంథోని తెర ఆయన దిక్కు తిప్పిండు. కంప్యూటర్ల ఉన్న ఫైలు కంపెనీది కాదన్నడు. మొదటి ఓనర్ ఎవడో ఏ పట్నంలనో లోపలి లెక్కలే తిరగరాయించిండు. టర్బో గాలి ఎక్కువ, డీజిల్ ఎక్కువ, అన్నీ ఎక్కువ. డబ్బా అయితే బయట నిలబడి అబద్ధం చెప్తది, పీకి పారెయ్యొచ్చు. ఇది బుర్రలనే కూసున్నది, బానెట్ ఎత్తితే కనపడదు.

ఇన్నేండ్ల సంది చడావు మీద అందరినీ దాటింది ఎవరు? ఆ ముక్కు మొకం తెలువని మొదటి ఓనర్. పెండ్లి పందిట్ల, సంఘం మీటింగుల, చెయ్యి చెయ్యి అని ఎత్తి చూపించిన చెయ్యి ఊకె స్టీరింగ్ మీద ఆనుకొని ఉన్నది.

ఆంథోని మంచోడే. నేను నోరిప్ప, నువ్వు ఇప్పకు అన్నడు. కంపెనీ ఫైలు మళ్ళ ఎక్కిస్త, ఇంజిన్ ముసలిదైంది అని చెప్పుకో, ఎవ్వనికీ తెలువదు అన్నడు. కేబుల్ చుట్టుకుంట ఇంకో మాట గూడ జారిండు. "మీ అడ్డా నుంచే ఇద్దరు వచ్చి అడిగిపోయిన్రు. డబ్బా వద్దంట, కనపడకుంట లోపల చెయ్యమంటున్నరు."

ఎవరు అని అడగబోయి శ్రీశైలం ఆగిండు. ఎవరైతే ఏంది. వాళ్ళు అడుగుతున్నది తన బండిని చూసే. వాడు డబ్బా లేకుంట ఉరుకుతుండు, అంటే లోపల ఏదో ఉంది, మనం గూడ లోపల పెడదాం అనుకుంటున్నరు. చెప్పకపోతే ఒక్కొక్కడు ఈ షెడ్డుకే వస్తడు. అటక మీద సంచి అట్లనే ఉంటది, బండ్లు మళ్ళ ఉరుకుతయి, మళ్ళ ఒక భుజం విరుగుతది. చెప్తేనేమో మాట పోతది. డబ్బాలు పీకించిన పెద్దమనిషి బండిలనే అసలు దొంగ ఉన్నడంటే, వాళ్ళు సంచి దించి ఎవని డబ్బా వాడు తీసుకపోరా?

ఫైలు ఇప్పుడే మార్చకు అన్నడు. బండి అట్లనే ఎక్కిండు.

వాపస్ వచ్చేటప్పుడు మెల్లగ నడపాలె అనుకున్నడు. కాలు ఇననే ఇనదు. చడావు మొదలుకాంగనే లోపల ఈల మొదలైంది, సీటు వెన్నును నూకింది. ఇంతకుముందు ఆ నూకుడు తనదే అనుకొని కడుపు నిండేది. ఇప్పుడు ఎవడో వెనక నిలబడి నూకినట్టున్నది. కాలు తీసిండు. మళ్ళ పెట్టిండు. వెనక సీట్ల ఒక ముసలాయన గుంజుతున్నవేందయ్యా కుంటి ఎద్దు లెక్క అన్నడు. తేకు చెట్ల మీద బొగ్గు దుమ్ము, అద్దంల తన మొకం, ముందట పసుప్పచ్చ లైటు. ఎటు చూసినా నిమ్మళం లేదు.

పినపాకల దిగంగనే ఎర్రరాయి అరుగు మీద పెట్టలే. చేతుల పట్టుకొని నిలబడ్డడు. బండ్లోళ్ళందరూ హోటల్ కాడనే ఉన్నరు. ఉన్నది ఉన్నట్టు చెప్పిండు. పిచ్చయ్య, ఫైలు, బుర్రల కూసున్న అబద్ధం, అంతా. నాకు తెలువదు అన్న మాట ఒక్కసారే అన్నడు, రెండోసారి అంటే అడుక్కున్నట్టుంటదని.

కుమారస్వామి లేచిండు.

"అయితే గా చెయ్యి ఇప్పుడు ఏడ పెట్టుకుంటవన్నా?"

అందరూ నవ్విన్రు. ఒకడు అప్పటికే అటక దిక్కు చూస్తుండు. సంచి దించు సారక్కా, ఎవనిది వానికి ఇచ్చెయ్యి అన్నడు. ఇంకొకడు నిచ్చెన జరిపిండు. చలాన్లోళ్ళ ముంగట ఆగని శ్రీశైలం నోరు ఈడ ఆగింది. ఏ మొకంతోని వద్దంటడు?

లిదియా అప్పుడే మణుగూరు నుంచి వచ్చి బండి దిగింది. సంగతంతా ఇన్నది. నిచ్చెన మీద కాలు పెట్టినోన్ని దిగుమన్నది. దిగిండు. సిలువరాయి తెచ్చి అరుగు మీద ఠప్పున పెట్టింది, తోకకు కాదు, నడుమ.

"ఆయన కంప్యూటర్ల ఏమున్నదో నాకెందుకు? మీ డబ్బాలల్ల ఏమున్నదో నాకెందుకు? జల్దీ వచ్చినోనికి జల్దీ వరస ఎందుకియ్యాలె, అది చెప్పున్రి ముందు."

అట్ల అడగొచ్చు అని ఎవ్వనికీ తోచలే ఇన్ని రోజులు. ఇంజిన్లు ఇప్పి చూసిన్రు, వైర్లు ఇప్పి చూసిన్రు, ఒకని మొకంల ఒకడు దొంగను ఎతికిన్రు. కండ్ల ముందట అరుగు మీద ఉన్న రాళ్ళను మాత్రం ఎవ్వడూ అనుమానించలే. అది రివాజు గదా. రివాజు అంటే మన దిక్కు దేవుని కన్నా గట్టిది.

లిదియా చెప్పింది సాఫ్ మాట. పొద్దున పెట్టిన వరసే పొద్దుగూకే దాకా. ఎప్పుడొచ్చినా రాయి కదలదు. ఇయ్యాల తలకాయ రాయి రేపు తోకకు. ఉరికొచ్చినా అదే వరస, మెల్లగ వచ్చినా అదే వరస.

"మరి ముందొచ్చినోడు ఏం చెయ్యాలె?" అన్నడు కుమారస్వామి.

"చాయ్ తాగాలె," అన్నది సారక్క లోపలి నుంచి.

కొట్లాట అయింది. పొద్దు వాలే దాకా అయింది. ఎక్కువ ట్రిప్పులు కొట్టేటోళ్ళు గట్టిగనే ఎదురు తిరిగిన్రు, ఒకడైతే వేరే అడ్డా పెడతనని రాయి జేబుల ఏసుకున్నడు. శ్రీశైలం అప్పుడు నోరు తెరిచిండు. అందరికన్నా ఎక్కువ పోయేది నాకే, రేపటి తోకరాయి నాదే అన్నడు. ఎర్రరాయి తీసుకపోయి చివరన పెట్టిండు. కుమారస్వామి దాని దిక్కు శానా సేపు చూసి, పసుపురాయి దాని ముంగట పెట్టిండు. జేబుల ఏసుకున్నోడు చీకటి పడ్డంక వచ్చి, ఎవ్వరూ చూడనట్టు, పెట్టిపోయిండు. సంచి అటక మీదనే ఉంది. ఎవ్వడూ అడుగుతలేడు.

శ్రీశైలం కంపెనీ ఫైలు ఎక్కించుకున్నడు. లైటు ఆరింది. బలం గూడ ఆరింది. రెండు రోజులు కాలుకు నిద్ర లేదు. కూడు తినేటప్పుడు గూడ పీట ముందట పాదం నేలను తొక్కుకుంటనే ఉంది.

మూడో పొద్దున మంగ్లి వచ్చింది. భుజానికి గుడ్డకట్టు ఉంది, కూరగాయల గంప కోడలు అందిచ్చింది. తలకాయ రాయి ఎవరిదో అడగలే, ఎవరి బండి నిండుతుందో చూసి ముందట సీట్ల ఎక్కి కూసున్నది. అది శ్రీశైలం బండి. బండి అడవి దాకా వచ్చింది. చడావు మొదలైంది. బండి రొప్పుకుంట, ఆగుకుంట ఎక్కుతుంది. ఎదురుంగ గబగబ దిగిపోతున్న ముసలిబండిల నుంచి లిదియా చెయ్యి ఊపింది.

మంగ్లి ఆయన దిక్కు తిరిగింది. "ఏందన్నా ఇంత మెల్లగ? అంగడిల జాగ పోతది. తొక్కు జర."

శ్రీశైలం పాదం కింద పెడల్ అప్పటికే నేలకు ఆని ఉన్నది.

"తొక్కుతనే ఉన్న చెల్లె," అన్నడు. "నా బండి ఇంతే పోతది."