కాశిబుగ్గ మంచు

సుందర్ రావు మూడు రోజులుగా పొద్దున్నే చర్చి హాల్లోకి వస్తున్నాడు. మధ్యాహ్నం దాకా తెర ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. బ్రష్షు తడపకుండానే ఇంటికి పోతున్నాడు. బకెట్లో కలిపి పెట్టిన మట్టిరంగు రోజూ ఎండి పెచ్చు కడుతోంది, రోజూ నీళ్ళు పోసి మళ్ళీ కలుపుతున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, వరంగల్ ఫోటో స్టూడియోలన్నిటికీ ఒకప్పుడు తెరలు గీసినవాడు, ఒక గుడ్డ మీద రంగు వేయడానికి ఇంతగా జంకడం ఆయనకే సిగ్గుగా ఉంది.

ఆ తెర మామూలు తెర కాదు మరి. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల ఎత్తు. కాశిబుగ్గ మగ్గాల మీద ప్రత్యేకంగా నేయించిన ముతక గుడ్డ. దాని మీద మంచుకొండలు, మంచు బరువుకు కొమ్మలు వంగిన క్రిస్మస్ చెట్లు, ఒక పక్కన చిన్న చెక్క ఇల్లు, ఆ ఇంటికి పసుప్పచ్చగా వెలిగే ఒకే ఒక్క కిటికీ. ముప్పై నాలుగు క్రిస్మస్‌లుగా ఈ చర్చిలో ఏసుప్రభువు ఆ మంచులోనే పుడుతున్నాడు. గొర్రెల కాపరులు లుంగీలు కట్టి, దుప్పట్లు కప్పుకుని ఆ మంచులోంచే నడిచి వస్తున్నారు. స్టేజీ మీద కుప్పలు పోసే మంచు మాత్రం మన ఊరిదే, ఎనుమాముల మార్కెట్టుకు వచ్చే పత్తి.

ఈ పిచ్చి ఆయనకు ఎక్కడ అంటుకుందంటే, వాళ్ళమ్మ మిషన్ దవాఖానలో ఆయాగా పనిచేసేది. అక్కడి దొరసాని నర్సు తన దేశం వెళ్ళిపోతూ ఆమెకు మంచుకొండలు, చెక్క ఇల్లు ఉన్న ఒక క్రిస్మస్ కార్డు ఇచ్చింది. ఏడేళ్ళ సుందర్ రావు ఆ కార్డును చూసి చూసి అంచులు అరగదీశాడు. "ఇది యాడుంటదే అమ్మా?" అని అడిగితే ఆమె చెయ్యెత్తి గాల్లోకి చూపించి, "ఉత్తరాన బిడ్డా, శానా దూరం" అంది. అంతే. లోకంలో చల్లనిదంతా, శుభ్రమైనదంతా, గొడవ లేనిదంతా ఉత్తరానే ఉందని ఆ రోజే తీర్మానం చేసేసుకున్నాడు. ఇరవై రెండో ఏట ఇంట్లో చెప్పకుండా కాజీపేటలో ఢిల్లీ రైలెక్కితే, టికెట్టు లేదని బల్లార్షాలో దించేశారు. ఆయన జన్మలో చూసిన ఉత్తరం అంతవరకే. అక్కడ వరంగల్ కంటే ఎండ ఎక్కువ.

తిరిగొచ్చి, చూడని దాన్ని గీయడం మొదలుపెట్టాడు. చలికాలం ఉత్తరపు గాలి తిరిగితే చాలు, మంకీక్యాప్ పెట్టుకుని డాబా ఎక్కి ఆ దిక్కుకే మొహం పెట్టి నిలబడేవాడు. "ఏముందయ్యా నీకు ఆడ?" అని భార్య విమల ఎగతాళి చేసేది. "నీకు తెల్వదు" అనేవాడు గొప్పగా. ఆయనకూ తెలియదు, అది వేరే సంగతి.

ఇంతకాలం ఆ పిచ్చి వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. చిక్కంతా బెన్నీ దగ్గర వచ్చింది.

బెన్నీ ఆయన చెల్లెలు హెప్సిబా కొడుకు. క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం నుంచి జ్ఞాని వేషం దాకా అన్నీ ఆ తెర ముందే వేస్తూ పెరిగాడు. "మామా, నేను అసలు మంచు చూసొస్త" అని పదో తరగతిలోనే ప్రకటించాడు. సుందర్ రావు మురిసిపోయాడు. "పో బిడ్డా, నా వంతుది గూడ నువ్వే చూసి రా" అన్నాడు. బెన్నీ మిలిటరీలో చేరి, లడఖ్ పైన ఎక్కడో మంచు పోస్టుకు అడిగి మరీ వెళ్ళాడు. మొన్న జూన్‌లో తిరిగొచ్చాడు. కుడిచేతికి చిటికెన వేలూ, పక్క వేలూ లేవు. చలికి నల్లబడితే తీసేశారట.

ఇక్కడి దవాఖానలో కట్టు మార్పించిన రోజు హెప్సిబా అన్నను వరండాలోకి పిలిచింది. ఏడవలేదు, అరవలేదు.

"నీ బొమ్మలే అన్నా, నా కొడుకును ఆడికి తోల్కపోయినయి" అంది.

ఆరు నెలలుగా సుందర్ రావుకు ఆ మాటే వినిపిస్తోంది. అన్నం ముందు కూర్చుంటే అదే, ప్రార్థనకు మోకరిస్తే అదే. కూర్చున్న చోట కూర్చోలేడు. నిలబడ్డ చోట నిలవలేడు.

అటు బెన్నీ ఇంట్లోంచి కదలడు. చెయ్యి జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు. ఏం అడిగినా అవు, కాదు, అంతే. హెప్సిబా ఫ్రిజ్జులో ఐసు ట్రే తీసి దాచేసింది. టీవీలో తెల్లటి కొండ కనిపిస్తే చానెల్ మార్చేస్తుంది. క్రిస్మస్‌కు కూడా అతను చర్చికి రాడనీ, ఆ తెర చూడలేకే రాడనీ చుట్టాలందరూ కలిసి తేల్చేశారు. అందరూ బెన్నీ గురించే మాట్లాడుకున్నారు. బెన్నీతో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

ఆ మంచును తుడిచేస్తే పిల్లవాడు వచ్చి తల్లి పక్కన కూర్చుంటాడు, ఇదీ సుందర్ రావు లెక్క. అందుకే ఆ మట్టిరంగు.

నాలుగో రోజు పొద్దున ఇక ఆలోచించలేదు. పెద్ద బ్రష్షు ముంచి కొండల మీద అడ్డంగా లాగాడు. మొదటి గీత పడ్డాక చెయ్యి ఆగలేదు, కోపం వచ్చినవాడిలా వేశాడు. కొండలు పోయాయి. చెట్లు పోయాయి. ఇల్లు ఎప్పుడు పోయిందో ఆయన గమనించనేలేదు. పదకొండు గంటలకల్లా తెరంతా ఇసుక దిబ్బలు. ఖర్జూరపు చెట్లు గీయబోతే అవి మడికొండ దారిలో కనిపించే ఈతచెట్లలా వచ్చాయి. రానీలే అనుకున్నాడు.

పాస్టరుగారు వచ్చి చూసి చప్పట్లు కొట్టినంత పని చేశారు. "ఇన్నేళ్లకు మా మాట విన్నవన్నా! బెత్లెహేముల మంచేంది, క్రిస్మస్ చెట్లేంది అని నేను మొత్తుకుంటనే ఉన్న. గిది జూడు, బైబిల్ల ఉన్నట్టే ఉంది."

సుందర్ రావు తల ఊపి ఇంటికి వచ్చాడు. విమల అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిని లేచాడు.

"మళ్ల ఏమైంది? తుడిచినవుగద" అంది ఆమె.

"తుడిచిన."

"అయితే ఇంక ఫికరెందుకు? జర కూసో."

కూర్చోలేకపోయాడు. ఆరు నెలలు మోసిన బరువు దించితే తేలిగ్గా ఉండాలి గదా, ఇల్లు కాలినవాడిలా ఉంది ఆయనకు. చెప్పులు వేసుకుని రెండు వీధుల అవతల ఉన్న చెల్లెలి ఇంటికి నడిచాడు.

హెప్సిబా వంటింట్లో ఉంది. బెన్నీ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. సుందర్ రావు మంచం అంచున కూర్చుని, దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి సూటిగా అడిగేశాడు.

"బిడ్డా, నా బొమ్మలు చూసేనా నువ్వు ఆడికి పోయింది?"

"అవు మామా" అన్నాడు బెన్నీ.

కాదంటాడేమోనని ఆరు నెలలు ఆశపడ్డాడు ముసలాయన. ఆ ఆశ అక్కడితో పోయింది. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు. "మొత్తం తుడిచేసిన బెన్నీ. ఒక్క చుక్క మంచు లేదు. ఇసుక గీసిన. నువ్వు రా. మీ అమ్మ పక్కన కూసో, చాలు నాకు."

బెన్నీ తలెత్తి చూశాడు. "ఇల్లు గూడనా?"

"ఏ ఇల్లు?"

"పసుపు కిటికీ ఇల్లు."

"అన్నీ తుడిచిన."

"మంచు పోతే పోనీ మామా. ఇల్లెందుకు తుడిచినవ్?"

ఆ గొంతు విని హెప్సిబా టీ గ్లాసులతో వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. జూన్ నుంచి అతని నోట అంత పొడుగు మాట ఎవరూ వినలేదు.

"ఆడ నువ్వు గీసింది ఒక్కటి లేదు మామా" అన్నాడు బెన్నీ. "చెట్టుండదు, పిట్టుండదు. మంచు గూడ తెల్లగుండదు, పొద్దున నీలం, పొద్దుమూకితే ఇంకేదో రంగు. డ్యూటీల నిలబడి నిద్ర పోయినమా, మళ్ల లేచుడు లేదు. అందరు ఇల్లు యాది జేసుకునేటోళ్లు. నేను అమ్మను యాది జేసుకుంటే ఏడుపొచ్చేది. అందుకని మనసులనే నీ ఇల్లు తీసుకపోయి ఎదురుంగున్న గట్టు మీద పెట్టుకున్న. నీ బొమ్మల ఉన్న పెద్ద చెట్టు కాడికెల్లి కిటికీ దాక నడిచేది. నలభై అడుగులు. తొంగి చూసి ఎనుకకు మర్లేది. మళ్ల నలభై. డ్యూటీ దిగేదాక గదే పని."

"లోపలికి పోలేదా?"

"పోలే. లోపలికి పోతే పండుకుంటనని భయం." మళ్ళీ తనే అడిగాడు, "ఆ ఇంట్ల ఎవరుంటరు మామా?"

ముప్పై నాలుగేళ్ళలో సుందర్ రావు ఆ సంగతి ఒక్కసారి కూడా అనుకోలేదు. "తెల్వదు బిడ్డా. నేను బయట నిలబడే గీసిన" అన్నాడు.

హెప్సిబా గ్లాసులు గుమ్మం పక్కన నేల మీదే పెట్టేసింది. అన్న వైపు చూడలేక కొడుకు చెప్పులు వెతికి తెచ్చి అతని కాళ్ళ దగ్గర పెట్టింది. "నేను గూడ వస్త" అంది.

ముగ్గురూ చర్చికి వచ్చేసరికి రంగు ఇంకా తడిగానే ఉంది. బెన్నీ తెర ముందు నిలబడి ఆ ఇసుకను, ఈతచెట్లను చూశాడు. సుందర్ రావు గబగబా పసుపు పొడిలో జిగురు కలిపాడు. ఆ తొందరలో సగం నేల మీద పోసుకున్నాడు. బ్రష్షు పట్టుకుని తెర దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. ఇల్లు ఎక్కడుండేదో గుర్తు రావడం లేదు. అంత దట్టంగా వేశాడు మట్టిరంగు, కింద ఒక్క గీత కూడా కనిపించడం లేదు. చూసి గీద్దామంటే అమ్మ కార్డు చిరిగిపోయి ఇరవై ఏళ్ళయింది.

"ఈడనేనా?" అని కుడిపక్క ఒక చోటు చూపించాడు.

"కాదు."

"మరి ఈడనా?"

బెన్నీ జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. కట్టు విప్పాక ఇంట్లో హెప్సిబా ముందు కూడా తీయని చెయ్యి అది. అతను తెర అంచు నుంచి మెల్లగా ఉన్న వేళ్ళతోనే జానలు కొలుచుకుంటూ వచ్చి, ఒక చోట ఆగి, తడి రంగు మీద మూడు వేళ్ళూ ఆనించాడు.

"ఈడ."

వేళ్ళ గుర్తులు పడ్డాయి. సుందర్ రావు వాటి మీదే పసుపు పెట్టడం మొదలుపెట్టాడు. అప్పుడే లోపలికి వచ్చిన పాస్టరుగారు, "అన్నా, ఇసుకల ఈ కిటికీ ఏందన్నా?" అన్నారు అయోమయంగా.

బెన్నీ వెనక్కి నడిచాడు. ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ హాలు చివరి గోడ దాకా వెళ్ళి, అక్కడ నిలబడి కళ్ళు చికిలించి చూశాడు.

"జర పెద్దగ గీయి మామా" అన్నాడు. "దూరంకెల్లి కనబడాలె."