గడువు మా ఇంట్లో దిగిన రోజులు

ప్లాస్మా ఇచ్చి ఇంటికి బయలుదేరుతుంటే రక్తనిధివాళ్ళు గడువును నా వెంట పంపిస్తున్నారు. ఆవిడ పొడుగ్గా ఉంది. నీలం అంచు తెల్లచీర కట్టుకుంది. ఆటోలో తల పైకప్పుకు తగలకుండా కొంచెం వంచుకుని, నా పక్కన సర్దుకు కూర్చుంటుంది.

"మళ్ళీ ఎప్పుడివ్వచ్చండి?" అని అంతకుముందే నర్సు ఫిలోమినాను అడిగాను.

"ఈవిడ అయిపోయాక."

"ఎన్నాళ్ళకవుతుంది?"

"ఎర్రరక్తం ఇచ్చినోళ్ళ ఇంట్లో అయితే నెలల తరబడి ఉండిపోద్దండి. మీ ఎరుపు మీకే తిరిగెక్కించేశాం కదా, పసుపునీరే ఉంచుకున్నాం. అది బేగా ఊరుద్ది. మీరు మాత్రం ఈవిణ్ణి కంగారు పెట్టకండి. కంగారు పెడితే పెరుగుద్ది."

అదే ఆస్పత్రి పై అంతస్తులో నా చెల్లెలు వకుళ ఉంది. ఆమె రక్తం తనలో తానే గడ్డలు కడుతోందనీ, పాత ప్లాస్మా తీసేసి కొత్తది ఎక్కిస్తూ ఉండాలనీ డాక్టరుగారు చెప్పారు. నేనిచ్చింది ఎక్కించిన సాయంత్రం వకుళ కళ్ళు తెరిచి, "అక్కా, ఆ మెంతిరంగు జాకెట్టుకి హుక్కులు కుట్టావా?" అంటుంది. ఆ జాకెట్టు సంగతి ఆమెకు తెలియదు. అది నా కుట్టుమిషను పక్కన నేను మరిచిపోయిన జాకెట్టు.

మర్నాడు వెళ్ళేసరికి వార్డు సాగింది. చెల్లెలి మంచం ఒక కిటికీ దాటి, ఇంకో కిటికీ దాటి ఉంది. నడిచీ నడిచీ నా చెప్పులు వేడెక్కుతాయి. చేరేసరికి ఆమె నిద్రపోయి ఉంటుంది.

"ప్లాస్మా అందకపోతే ఇలాగే సాగుతుందమ్మా," అంటారు డాక్టరుగారు, చేత్తో గోడను తడిమి చూస్తూ.

ఇంట్లో గడువు అన్నం మెతుకు మెతుకుగా తింటోంది. నేను ఎదురుగా నిలబడి చూస్తాను. కూర్చుంటాను. మళ్ళీ లేస్తాను. గోడ గడియారం దింపి ముళ్ళు ముందుకు తిప్పుతాను. ఆవిడ ఇంకో మెతుకు నోట్లో పెట్టుకుంటుంది. జానెడు పెరుగుతుంది. మిషను పెడలు గబగబా తొక్కితే ఇంకో జానెడు. పడుకునేసరికి ఆవిడ పాదాలు గుమ్మం దాటి కాలవ మీదికి వెళ్ళిపోతాయి.

తెల్లారాక ఆవిడ తల దువ్వుకుంటుండగా పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోతాను. ఊరి అవతల ఇంకో రక్తనిధి ఉంది. అక్కడి ముసలి కాంపౌండరు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూస్తాడు.

"మీ గడువేదండి?"

"లేదండి. ఇదే మొదటిసారి."

సూది గుచ్చుతాడు. నా చేతిలోంచి బావి అడుగున బకెట్టు గీసుకుంటున్న చప్పుడు వస్తుంది. సంచీలోకి ముందు ఇసుక పడుతుంది, తర్వాత తడి బురద. తర్వాత ఇంకేదో మెల్లగా కదులుతూ దిగుతుంది. ఏమిటని అడగబోతే నా నోట సగం మాటే వస్తుంది.

"అడుగు తగుల్తందండి," అంటాడతను. "నీళ్ళయిపోయాయి. ఇక్కణ్ణించి తోడితే మీరే వచ్చేస్తారు. ఇదిగో, మీ గొంతు సగం దిగిపోయింది."

"అది కూడా మా చెల్లెలికి పనికొస్తుందేమో చూడండి," అందామనుకుంటాను. సగమే అంటాను. మిగతా సగం సంచీలోంచి వినిపిస్తుంది.

"గొంతెక్కించుకుని ఏం చేసుకుద్దండి ఆవిడ? మాట్టాడ్డానికి మీరుండొద్దూ?" అని అతను సంచీని పైకెత్తి పట్టుకుంటాడు. అంతా వెనక్కి వచ్చేస్తుంది. ఇసుక దిగేటప్పుడు మోచెయ్యి దగ్గర గరగరలాడుతుంది.

ఇంటికొచ్చేసరికి గడువు అరుగు మీద కూర్చుని ఉంది. నాకు మొహం చెల్లదు.

"కోపం లేదండి," అంటుంది. ఆవిడ మాట్లాడటం ఇదే మొదలు. "మీ చెల్లెలికి మీరొక్కరేనా?"

"నాకు ఆమె ఒక్కతే."

"అది వేరే మాటండి. నేనడిగింది అది కాదు."

ఇంకొకరిని ఇమ్మని అడగడం నాకు చేతకాదు. కుట్టిన బట్టల మజూరీ కూడా వాళ్ళిచ్చేదాకా అడగను. కానీ ఎదురుగా ఇస్త్రీ సూరన్న బండి ఉంది. కాళ్ళు అటే నడుస్తాయి.

సూరన్న అంతా విని, ఇస్త్రీపెట్టె నిలబెడతాడు. "నాది పనికొస్తాదేటమ్మా? బొగ్గుల కాడ నిలబడేవోణ్ణి, నాలో తడెక్కడుంటాది?"

"ఉంటుంది, సూరన్నా. చూపించుకుందాం."

ఉంది. సరిపోతుంది కూడా. సాయంత్రం అతను రిక్షాలో తిరిగి వస్తాడు, పక్కన అతని గడువు. పొట్టి మనిషి, పంచె కట్టుకున్నాడు. రాగానే బండి పక్కన కూర్చుని బొగ్గులు విసురుతాడు. ఆ మర్నాడు పాలకేంద్రం సరోజినమ్మ వెళ్తుంది. ఆ తర్వాత ఈల వేసుకుంటూ ఆవిడ అల్లుడు. ఎవరినీ రెండోసారి అడగక్కర్లేదు. మా వీధిలో ప్రతి అరుగు మీదా ఒక గడువు కూర్చుని, జామకాయ ముక్కలు ఉప్పు అద్దుకుని మెల్లగా తింటోంది.

వార్డులో చెల్లెలి మంచం రోజుకో కిటికీ చొప్పున దగ్గరవుతోంది. వకుళ పాలు విరిగాయేమోనని కంగారుపడుతుంది. తనకు రాని ఈల వేస్తుంది. ఒకసారి ఆవులించి, "కాలర్ల దగ్గర కొంచెం నీళ్ళు జల్లమ్మా," అంటుంది. నేను నవ్వుతాను. ఈ మధ్య నేను నవ్వలేదని అప్పుడే తెలుస్తుంది.

ఇక నేను గడియారం జోలికి పోను. మజ్జిగ తాగుతాను, పప్పు వండుకుంటాను, మధ్యాహ్నం పడుకుంటాను. లేచినప్పుడల్లా గడువు కొంచెం తగ్గి ఉంటుంది. మనిషెత్తు అవుతుంది, పిల్లంత అవుతుంది, వేలికి పెట్టుకునే అంగుస్తానులో ఇమిడేటంత అవుతుంది. చివరికి తెల్లదారం ముక్కంత మిగిలి, "వెళ్ళొస్తానండి," అని నా సూది బెజ్జంలోంచి దూరి అవతలికి వెళ్ళిపోతుంది. అవతల ఎవరూ లేరు. ఇల్లు బోసిపోయినట్టుంటుంది.

నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి వకుళ మెట్ల దగ్గర ఎదురొస్తుంది, తన కాళ్ళ మీద తనే నడుస్తూ.

"నాకిక అక్కర్లేదటే అక్కా. రేపు ఇంటికి పంపేస్తారట."

"ఎలాగూ వచ్చాను," అంటాను. "ఎవరికో ఒకరికి సరిపోతుంది. నాది అందరికీ సరిపోయే గ్రూపు."

"ఎవరికో ఏంటి, నా పక్క మంచం ఆయనకివ్వు. రాత్రంతా మూలుగుతున్నాడు పాపం."

రక్తనిధి మంచం మీద పడుకుంటాను. ఈసారి చేతిలో ఏ చప్పుడూ లేదు. లేత పసుపు నీరు మెల్లగా సంచీ నింపుతోంది. వకుళ కిటికీ దగ్గరికి వెళ్ళి తెర తీస్తుంది.

ఆవరణలో గోదావరి నిలువుగా నిలబడి ఉంది. దాని ఒంటి మీద పడవలు గోడ మీద చీమల్లా పైకి పాకుతున్నాయి. ఒక పడవలో ఎవరో బట్టలు ఆరేసుకుంటున్నారు. కింద ఫిలోమినా నిచ్చెన ఎక్కి, రబ్బరు పట్టీ చేతిలో పట్టుకుని, నీళ్ళను వేళ్ళతో తడుతోంది.

"నరం దొరకట్లేదటే," అంటుంది వకుళ గుసగుసగా.

ఇద్దరం చూస్తున్నాం. గోదావరి కాసేపు ఆలోచించి, నెమ్మదిగా పిడికిలి బిగిస్తోంది.