బంగారు అంచు పళ్లెం

"తొక్కు జాడీల తడి గంటె ఎవరు పెట్టిండ్రు?" కౌసల్య వంటింటి గుమ్మంలో జాడీ ఎత్తి పట్టుకుని నిలబడింది.

పొద్దున ఆ జాడీలోంచి ఊరగాయ వేసుకున్నది ఆమె కూతురు మనస్విని. ఆడబిడ్డ అండాలు చూసింది కూడా. మనస్విని ఫోనులోంచి తలెత్తలేదు.

"నేనే కావొచ్చు వదినె," అంది అండాలు, పెరట్లో ఇత్తడి దీపాలు తోముతూ.

"కావొచ్చేంది? పెట్టినవా, పెట్టలేదా?"

"పెట్టిన."

"బూజు పట్టినంక మీ అన్న తింటడా?"

భర్త పోయి అన్న ఇంటికి చేరిన ఇన్నేళ్లలో అండాలు ఇలా ఒప్పుకున్నవాటికి లెక్క లేదు. ఒప్పుకుంటే మాట తొందరగా ముగుస్తుంది.

ఇవాళ ముందుగది బీరువాలోని పింగాణీ పళ్లేలు కడగాలి. సాయంత్రం వాటిని కొనడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వస్తున్నాడు. జర్మనీలో చేసినవట. తాత ఎవరో దొర గడీలోని సామాను వేలం వేస్తే కొన్నాడు. ఎవరెవరో ఆఫీసర్లు తిన్న పళ్లేలని అప్పట్లో వంటింటి గడప దాటనివ్వలేదు. ఇంట్లో ఎవరూ వాటిలో తిననూ లేదు.

అండాలుకు అవి ఎంగిలివని ఎప్పుడూ అనిపించలేదు. మీగడ తెలుపు. అంచు చుట్టూ బుట్ట అల్లినట్టు ఉబ్బెత్తు పని, దాని చివర సన్నని బంగారు గీత. పువ్వులు మధ్యలో పేర్చినట్టు ఉండవు. ఎవరో నడుస్తూ జారవిడిచినట్టు ఒక పక్కకు పడి ఉంటాయి. వాటి మధ్య అక్కడక్కడ చిన్న చిన్న పురుగుల బొమ్మలు. ఏ రెండు పళ్లేలూ ఒక్కలా ఉండవు. ఒకదాని మీద గులాబిని వెనుక నుంచి గీశారు. కనబడేది తొడిమ, దాని కింద విచ్చుకున్న రేకుల వీపు మాత్రమే. అలా గీయాలని ఎవరికి తోచిందోనని దుమ్ము తుడిచినప్పుడల్లా అనుకునేది.

మనస్విని వచ్చి పక్కన కూర్చుంది. "అత్తమ్మా, గీ పురుగులెందుకు ఏసిండ్రో ఎర్కేనా? కాల్చినప్పుడు మచ్చ పడితే, దాని మీద పురుగును గీసి కప్పెటోళ్లంట."

"మంచి ఉపాయమే," అని అండాలు చీమంత పురుగు మీద వేలు పెట్టి చూసింది. మచ్చ తగల్లేదు.

మనస్విని లేచి వెళ్లాక గులాబి పళ్లెం చేతికొచ్చింది. అంచు మాసినట్టుంది. పక్కనే దీపాలు తోమిన చింతపండు, బూడిద. ఇత్తడికి అలవాటైన చేయి ఆగలేదు. గట్టిగా రుద్ది నీళ్లు పోసింది. జానెడు మేర బంగారు గీత లేదు.

చుట్టూ చూసి పళ్లేన్ని దొంతరలో అట్టడుగున పెట్టింది.

హాల్లో అన్న కృష్ణకాంత్ ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఒక్కటి ఖరాబున్నా సెట్టు తీస్కోరా సార్? ఏం ఫికర్ లేదు, అన్నీ మంచిగున్నయ్."

పప్పులో ఉప్పు వేసిందో లేదో అండాలు రెండుసార్లు రుచి చూసింది. కౌసల్య అడుగుల చప్పుడు వినబడితే చాలు, భుజాలు దగ్గరకు ముడుచుకున్నాయి. ఈసారి ఒప్పుకున్నా మాట తొందరగా ముగియదు.

ఫోను మోగింది. చిన్ననాటి స్నేహితురాలు సుక్కమ్మ. కట్టంగూరులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. తోడు రమ్మని నెల నుంచి అడుగుతోంది.

"ఇయ్యాలన్న చెప్పరాదే. ఉండెతందుకు రూము గూడ ఇస్తరు."

"మల్ల జేస్త," అని పెట్టేసింది. అప్పుడు చూసుకుంది, భుజాలు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. పళ్లెం అంచు పోయినందుకు. పొద్దున తడి గంటెకూ ఇలాగే ముడుచుకున్నాయి.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాక కృష్ణకాంత్ అడిగాడు. "ఆ పళ్లేలన్ని కడిగినవా అండాలూ?"

అండాలు పప్పు గిన్నె కింద పెట్టి, వెళ్లి అడుగునున్న పళ్లేన్ని తెచ్చింది.

"ఒకటి ఖరాబు చేసిన అన్నా. చింతపండేసి తోమిన. బంగారం పోయింది."

కౌసల్య పళ్లేన్ని వెలుతురుకు తిప్పింది. "ఇత్తడిదనుకున్నవా ఏంది? ఇగ ఆయన తీస్కున్నట్టే."

కృష్ణకాంత్ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "పోనీ తియ్యి. బయటిదైతే అనొచ్చు. ఇంట్ల పడి ఉన్నదానివి, నిన్నేమంటం."

మంచిగానే అన్నాడు.

అండాలు పళ్లేన్ని కొంగుతో తుడిచి, అందులో అన్నం పెట్టుకుని, పప్పు పోసుకుని వాళ్ల పక్కనే కూర్చుంది. ఎప్పుడూ అందరి తర్వాత తినే మనిషి.

"దాంట్లనే తింటున్నవా అత్తమ్మా?" మనస్విని నవ్వింది.

"ఇగ దీన్ని ఎవరు కొంటరు బిడ్డా."

నాలుగు ముద్దలు తిన్నాక అంది. "రేపు పొద్దుగాల బస్సుకు కట్టంగూరు పోత అన్నా. సుక్కమ్మ కాడ హాస్టల్ల పని జేస్త. ఆడనే ఉంట."

"గిప్పుడు నిన్నెవరేమన్నరని?" అంది కౌసల్య.

"ఎవ్వరేమనలే వదినె."

ఈ ఇంట్లో తిన్న కంచాలు ఎత్తేది అండాలే. ఆమె చేయి కడుక్కుని, ఫోను తీసుకుని వాకిట్లోకి వెళ్లింది. నేల మీద, ఆరిపోతున్న పప్పు చారలతో, పక్కకు తీసిపెట్టిన నాలుగు కరివేపాకులతో పళ్లెం అక్కడే ఉంది.