కాలి కింది మాట

మూడో మగ్గం మీద పడుగు పోగు ఒకటి తెగింది. ఆమె మగ్గం ఆపి, నడుం వంచి, తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని ముడి వేసింది. మిగిలిన కొసని పళ్ళతో తుంచి, మళ్ళీ మగ్గం వేసింది. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని. కళ్ళు మూసుకుని కూడా చెయ్యగలదు. కాకపోతే కళ్ళు మూస్తే మేస్త్రీ ఊరుకోడు.

షెడ్డులో నూట ఇరవై మగ్గాలున్నాయి. కొత్తగా లోపలికి అడుగుపెట్టినవాళ్ళకి ఆ చప్పుడు చెవుల్లో కన్నా ముందు ఛాతీలో తగులుతుంది. దూది నుసి జుట్టు మీద, కనుబొమల మీద, పై పెదవి మీది నూగు మీద పేరుకుని, పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూడా మధ్యాహ్నానికి ముసలివాళ్ళలా కనిపిస్తారు. అక్కడ ఎంత అరిచినా వినపడదు. అందుకని అందరూ పెదవులు చూసి మాట్లాడుకుంటారు. పెదవి అందని దూరంలో చేతులతో మాట్లాడతారు. షెడ్డులో గుసగుసలు లేవు. ఒకరితో అన్న మాట ఆ వరసలో తల ఎత్తిన ప్రతివాళ్ళకీ తెలిసిపోతుంది.

పక్క నాలుగు మగ్గాలూ చూసుకునే అమ్మాయిని అందరూ పొట్టిది అంటారు. అది స్టూలు మీద నిలబడి, పెదవులు విడదీసి అడిగింది.

"ఇవాళేనా అక్కా?"

"పదకొండున్నరకి."

"బావ వస్తాడంటావా?"

"వస్తానన్నాడు."

"నోటితో అన్నాడా?"

ఆమె నవ్వలేదు. పొట్టిది నాలిక కరుచుకుని, స్టూలు దిగి పనిలో పడింది.

ఆమె భర్త ఇదే షెడ్డులో ఫిట్టరుగా చేసేవాడు. మగ్గం మొరాయిస్తే దాని కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, నట్టు మీద వేలు ఆనించి జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. పెద్ద పెద్ద చేతులు, గోళ్ళలో ఎన్నటికీ వదలని నూనె. ఆమెను పెళ్ళి చేసుకుంటానన్నది కూడా షెడ్డులోనే. ఐదు మగ్గాల అవతల నిలబడి, పెదవులతో అడిగాడు. ఆమె తల దించుకునే లోపల వరసంతా చూసేసింది. ఒక ముసలావిడ మగ్గం ఆపి మరీ, "ఒప్పుకోవే, మాకు పనులున్నాయి," అంది.

పిల్లలు లేరు. ఇల్లు మిల్లు గోడకి ఆనుకుని ఉన్న వీధిలో ఒక గది, వంటిల్లు. గోడ అవతలి చప్పుడు ఇంట్లోకి వస్తూనే ఉండేది కాబట్టి, ఇంట్లో కూడా వాళ్ళు సైగలతోనే బతికారు. అన్నం పెట్టనా, దీపం ఆర్పనా, కోపం వచ్చిందా, ఇటు తిరుగు: అన్నీ చేతులతోనే. మూడేళ్ళ కిందట మిల్లు వాళ్ళు ఆ వైపు మగ్గాలు తీసేశారు. ఇల్లు ఉన్నట్టుండి నిశ్శబ్దం అయిపోయింది. అప్పుడు తెలిసింది ఆమెకు, ఆయనకి వినపడడం లేదని కాదు, అది ఎప్పుడో తెలుసు. నిశ్శబ్దంలో ఆయనతో ఏం మాట్లాడాలో తనకు తెలియదని.

చెవులు పోయిన సంగతి ఆమె ఏడేళ్ళు దాచిపెట్టింది. ఏటా మిల్లు డిస్పెన్సరీలో చెవుల పరీక్ష జరిగేది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, కాంపౌండరు మీట నొక్కుతాడు. చప్పుడు వినపడగానే వేలు ఎత్తాలి. వేలు ఎత్తనివాణ్ణి షెడ్డులోంచి తీసేస్తారు. తర్వాతి వంతు తనదే అన్నట్టు ఆమె ఆయన పక్క కుర్చీలో కూచుని, కాంపౌండరు వేలినే చూస్తూ, మీట నొక్కినప్పుడల్లా తన ఎడమ పాదంతో ఆయన పాదాన్ని నొక్కేది. ఆయన వేలు ఎత్తేవాడు. షెడ్డులో సగంమంది చెవులు అలాగే గట్టెక్కాయి, అన్న కాలో తమ్ముడి కాలో అడ్డుపెట్టి. ఆఫీసులో ఏ కాగితాల కోసం ప్రశ్నలు అడిగినా అదే పద్ధతి. ఒకసారి నొక్కితే అవును. రెండుసార్లు నొక్కితే కాదు. ఎనిమిదో ఏడు చెవుల పరీక్షకి అద్దాల గది వచ్చింది. అందులోకి మనిషిని ఒక్కణ్ణే పంపారు. ఆయన పని పోయింది.

అప్పటినుంచి ఆయన మంచం మీద కూచునేవాడు. మొదట్లో అందరి ఇళ్ళలో పాడైన ఫ్యాన్లు, మిక్సీలు తెప్పించుకుని బాగుచేశాడు. తర్వాత అదీ మానేశాడు. గడ్డం పెరిగింది. పెట్టింది తినకుండా కంచం పక్కకి జరిపేవాడు. ఆమె ఏమన్నా అంటే, గోడ అదిరేలా ఒక్క మాట అని, అటు తిరిగి పడుకునేవాడు.

నెల కిందట ఒక ఉదయం ఆమె పనికి బయల్దేరుతూ జుట్టు ముడేసుకుంటుంటే, ఆయన మంచం మీంచి చెయ్యి ఎత్తి పిలిచాడు. తన ఛాతీ వైపు చూపించుకున్నాడు. తర్వాత అరచేయి బోర్లించి, గాలిని మెల్లగా కిందికి నొక్కాడు. షెడ్డులో దానికి ఒకటే అర్థం: ఈ మగ్గం ఆపెయ్యి.

"పిచ్చి మాటలు మాట్లాడకు," అందామె. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అదే సైగ చేశాడు. ఆమె డిస్పెన్సరీకి వెళ్ళింది.

డిస్పెన్సరీకి గురువారం గురువారం బయటినుంచి కౌన్సెలింగ్ మేడమ్ వస్తుంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెత్తగా, పక్క గదిలో పసిపాప నిద్రపోతున్నట్టు మాట్లాడుతుంది. ఆమె ఒక్కతే వెళ్ళిన రోజు మేడమ్, "కొడతాడా అమ్మా?" అని అడిగింది.

"లేదండీ."

"అరుస్తాడా?"

"అరుస్తాడండీ."

అది నిజమే. షెడ్డువాళ్ళు అందరూ బయటికొచ్చాక మామూలు మాట కూడా అరిచే చెబుతారు. మేడమ్ కాగితం మీద ఆ మాట రాసి, కింద గీత గీసింది. ఆయనకి చెవులు వినపడవని ఆమె చెప్పలేదు. ఏడేళ్ళు దాచిన నోటికి ఆ మాట పలకడం రాలేదు. సైగ సంగతి కూడా చెప్పలేదు. అది చెబితే ఆయన్ని ఎక్కడికి పంపిస్తారో, ఏ గదిలో పెట్టి తాళం వేస్తారో అని భయం. పైగా షెడ్డులో ఒకరి పెదవి మీదికి వచ్చిన మాట వరసంతా చూస్తుంది.

"ఈసారి ఆయన్ని తీసుకురామ్మా," అంది మేడమ్. "ఆయన నోటితో ఆయన చెప్పాలి."

ఆమె రెండు వారాలు బతిమాలింది. చివరికి నిన్న ఆయన తల ఊపాడు.

పదకొండున్నరకి ఆయన డిస్పెన్సరీ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. చెవి కింద తెగి, రక్తం చుక్క ఎండిపోయింది. చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. ఆమె చూడగానే, పెళ్ళికొడుకులా ఉన్నావని చేత్తో అంది.

గది చిన్నది. ఒకప్పుడు కట్లు కట్టే గది కాబట్టి ఇంకా టించరు వాసన వస్తోంది. బల్లకి ఇవతల రెండు కుర్చీలు పక్కపక్కనే వేసి ఉన్నాయి. మందపాటి తలుపు మూసేసరికి నూట ఇరవై మగ్గాల చప్పుడూ సీసాలో ఈగ తిరుగుతున్నంత అయింది.

మేడమ్ ఒక కాగితం ముందు పెట్టుకుని, తల వంచి చదవడం మొదలుపెట్టింది.

"నిద్ర సరిగ్గా పడుతోందా అండీ?"

ఆయనకి మేడమ్ పాపిట కనపడుతోంది గాని పెదవులు కనపడడం లేదు. బల్ల కింద ఆమె పాదం జరిగి ఆయన పాదాన్ని అందుకుంది. రెండుసార్లు నొక్కింది.

"లేదు," అన్నాడాయన, గది అదిరేలా.

మేడమ్ ఉలిక్కిపడి, సర్దుకుని, రాసుకుంది. "తిండి సయిస్తోందా?"

రెండుసార్లు.

"లేదు!"

"నలుగురిలో కలవాలని అనిపిస్తోందా?"

రెండుసార్లు. అన్నీ నిజాలే. ఇలా అన్నీ చెప్పేస్తే మేడమ్‌కే అర్థమవుతుంది, మందో మాకో ఇస్తుంది, నేను నోరు విప్పక్కర్లేదు అనుకుంటోంది ఆమె. ఆమెకు గుండె తేలికపడుతోంది. ఎన్నాళ్ళకో మళ్ళీ ఆయన కాలు తన కాలి కింద ఉంది. వెచ్చగా ఉంది.

మేడమ్ కలం కింద పెట్టింది. తల ఎత్తి, ఆయన ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

"బతకడం ఎందుకని అనిపిస్తోందా? ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనుకున్నారా?"

ఆమె పాదం రెండుసార్లు నొక్కింది.

ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. తెరిచిన నోరు అలాగే ఉండగా, పక్కకి తిరిగి ఆమె వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె మేడమ్ వైపే చూస్తూ కూచుంది.

"లేదు," అన్నాడు. ఈసారి మెల్లగా, మామూలు మనిషిలా అన్నాడు.

మేడమ్ ముఖం విప్పారింది. "చూశారా, ఎంత నెమ్మదిగా మాట్లాడారో! ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడాలి, సరేనా? వచ్చే గురువారం మళ్ళీ కలుద్దాం." తల వంచుకుని రాసుకుంది. బయట ఇంకెవరో తలుపు తట్టారు.

మెట్ల దగ్గర ఆయన ఆగాడు. ఆమె జుట్టులోంచి దూది పీచు ఒకటి తీసి, ఊది పారేశాడు.

"నువ్వెళ్ళు," అన్నాడు. "పొట్టిది ఒక్కతే ఎనిమిది మగ్గాలూ చూసుకోలేదు."

"కూర మూత పెట్టి ఉంచా. తింటావుగా?"

ఆయన తల ఊపి వీధిలోకి నడిచాడు. మలుపు దాకా చూసి ఆమె షెడ్డులోకి వెళ్ళిపోయింది.

రెండింటికి ఒకటో మగ్గం మీద నాలుగు పోగులు ఒకేసారి తెగాయి. ముడులు వేస్తూ తల ఎత్తితే, స్టూలు మీంచి పొట్టిది అడిగింది, "ఏమందక్కా మేడమ్?" ఆ పెదవులు చదువుతూ చదువుతూ ఆమె చేతిలో పోగు వదిలేసింది.

మేడమ్ ఆ ఒక్క ప్రశ్నకే తల ఎత్తింది. ఆయన ముఖం చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. ముప్ఫై ఏళ్ళు షెడ్డులో బతికిన మనిషి. ఐదు మగ్గాల అవతలి పెదవుల్ని చదివినవాడు. బల్ల ఇవతలి పెదవుల్ని చదవలేడా?

ఆయనకి తెలిసింది. చెప్పబోయాడు. తనే కాలితో చెప్పొద్దంది.

ఆమె మేస్త్రీ దగ్గరికి పరుగెత్తింది. ఇంటికి వెళ్ళాలని అంది. మేస్త్రీ చుట్టూ చూసి ఒక వేలు చూపించాడు.

"ఒక్క గంటాగు. నీ మగ్గాలు చూడ్డానికి బదిలీ మనిషి లేదు. ఏమైంది, ఒంట్లో బాగాలేదా?"

ఏమైందో చెప్పాలంటే పెదవి కదపాలి. వరసలో పది తలలు ఎత్తి ఉన్నాయి. ఆమె తల అడ్డంగా ఊపి, మగ్గాల దగ్గరికి తిరిగి వచ్చింది. ఆడుతున్న మగ్గాన్ని వదిలేసి పోవడం ఇరవై ఆరేళ్ళలో ఒక్కనాడూ చెయ్యలేదు. బదిలీ మనిషి వచ్చేసరికి గంట కాదు, గంటా నలభై నిమిషాలయింది. ఆ లోపల తెగిన పోగులన్నీ ముడి వేసింది.

వీధి మలుపు తిరగగానే తన గుమ్మం ముందు జనం కనిపించారు. పక్కింటావిడ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఆయన ఎలా పోయాడన్నది ఆ సాయంత్రం చాలామంది చాలాసార్లు చెప్పుకున్నారు. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి మూత తీసి చూసింది. కూర తిన్నాడు. కంచం కడిగి బోర్లించాడు.

ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయాక పక్కింటావిడ ఆమెను మంచానికి ఎదురుగా గోడకి ఆనించి కూచోబెట్టింది. పొద్దు వాలుతోంది. మేడమ్ వచ్చింది. తలుపు బార్లా తెరిచే ఉన్నా, లోపలికి రావడానికి మొహమాటపడి, గుమ్మం పక్కనున్న గంట మీట నొక్కింది.

ఎదుటి గోడ మీద, ఆయన తల పెట్టుకునే చోటుకి సరిగ్గా పైన, ఏదో ఎర్రగా వెలిగింది.

ఆమె చూసింది. చిన్న దీపం. వెలగని పాత బల్బేదో అనుకుని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. పోగు తెగి మగ్గం ఆగితే, ఎక్కడ తెగిందో నేతగత్తెకి తెలియడానికి మగ్గం నెత్తిన వెలిగేలాంటిది. పాత సామానులోంచి ఎప్పుడు తెచ్చాడో, గంట మీటకీ దానికీ మధ్య గోడ అంచున ఎప్పుడు తీగ లాగాడో ఆమెకు తెలియదు. ఆమె ఎప్పుడూ గంట కొట్టి రాలేదు. ఆమె దగ్గర తాళంచెవి ఉంది.

"ఎన్నాళ్ళనుంచో ఉందమ్మా అది," అంది పక్కింటావిడ. "మేం గంట కొడితే వెంటనే వచ్చి తలుపు తీసేవాడు. నీకు తెలీదా?"

మేడమ్ లోపలికి వచ్చి ఎదురుగా కూచుంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"లేదన్నారు కదమ్మా," అంది. "నేను సూటిగానే అడిగాను."

"అడిగారండీ. ఆయనకి తెలిసింది."

"మరి..."

"నేనే కాలు నొక్కానండీ."

మేడమ్‌కి అర్థం కాలేదు. పక్కింటావిడ వైపు చూసింది. దుఃఖంలో ఏదో అంటోందన్నట్టు పక్కింటావిడ తల ఊపింది. ఆమె మళ్ళీ చెప్పడానికి నోరు తెరిచింది. ఈసారి వరసలో ఎవరూ లేరు, అన్నీ చెప్పొచ్చు. పెదవులు కదిలాయి గాని గొంతు రాలేదు. షెడ్డులో మాట్లాడినట్టు చప్పుడు లేకుండా చెబుతూ పోయింది. మేడమ్‌కి పెదవులు చదవడం రాదు.

చీకటి పడకముందే మిల్లులోంచి మనుషులు జట్లు జట్లుగా రావడం మొదలైంది. పొట్టిది వచ్చింది. మేస్త్రీ వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్ళలో సగంమందికి చెవులు సరిగ్గా వినపడవు. గంట మోగిందో లేదో తెలియక మీట మీద వేలు అలాగే ఉంచేవాళ్ళు. వాళ్ళు వేలు తీసేదాకా ఖాళీ మంచం మీద ఆ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.